శుక్రవారం సంతకం

బుధవారం లోంబే చచ్చిపోయాడు. కిట్వే శివార్లలో కరెంటు తీగలు బిగిస్తుంటే, మనిషిని తొట్టిలో నిలబెట్టి పైకి లేపే బకెట్ లారీ చేయి ఉన్నట్టుండి వాలిపోవడంతో, తొట్టిలోంచి జారి మా కళ్ల ముందే రోడ్డు మీద పడ్డాడు. ఆ చేతిని లేపే ఆయిల్ పైపు చీలి నెలరోజులైంది. కాంట్రాక్టర్ సకాలా దానికి చేయించిన వైద్యం రెండు చుట్ల టేపు.

సోమవారం పొద్దున యార్డుకి వేంచేశాడు మహానుభావుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తనిఖీ కాగితం.

"చూస్కోండి. బండి బాగుందని మీ లోంబేనే సంతకం పెట్టాడు. తప్పంతా అతనిది. పైపుకి కొత్త టేపు చుట్టించా. ఇక ఎక్కండి."

మేం పదకొండుమందిమీ తలలు దించుకున్నాం. సిగ్గుతోనే. రోజూ పైపులు, బోల్టులు చూసి, ఖాళీ తొట్టిని ఒకసారి లేపి దించి, అప్పుడు సంతకం పెట్టాలి. మేం సోమవారమే వారమంతటికీ గీకేసేవాళ్లం. ఆలస్యమైతే సకాలా పనిలోంచి పీకేస్తాడని భయం. మా చావుకి మేమే వేలిముద్ర వేశాం.

భర్త బూట్లు తీసుకెళ్దామని వచ్చిన లోంబే భార్య ఎనెలెసి ఆ కాగితం అందుకుంది. పైకి చదివింది.

"గురువారం, బండి బాగుంది, సంతకం లోంబే. శుక్రవారం, బండి బాగుంది, సంతకం లోంబే." తలెత్తి చూసింది. "శుక్రవారం మా ఆయన్ని పాతిపెట్టాం కదయ్యా. మట్టిలోంచి లేచొచ్చి మీ బండి చూశాడా?"

సకాలాకి చదువు రాక కాదు. మా పేర్లున్న కాగితాలు చదివే అలవాటు లేదంతే.

"అదేదో ఆఫీసు పొరపాటు. ఇలా తే."

ముసలి డ్రైవర్ ముబిటా అడ్డం నిలబడ్డాడు. "పొరపాటు మాది కూడా సార్, ఒప్పుకుంటాం. బండి బాగుందంటున్నారుగా, మీరే తొట్టి ఎక్కండి. చేయి నేను లేపుతా."

"నాతో పరాచికాలా? నాకు పెళ్లాం బిడ్డలున్నారు."

"మాకూ ఉన్నారు సార్."

సకాలా తొట్టి వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఛీ, ఈ పిరికిపందనా తొమ్మిదేళ్లుగా అయ్యా అయ్యా అని పిలిచాం.

లారీ చక్రాల ముందు కూర్చున్నాం. సకాలా పిలిచిన పోలీసులొచ్చి ముబిటాని జీపెక్కించారు. "కాగితం జాగ్రత్తమ్మా," అన్నాడు ముబిటా జీపులోంచే. ఎనెలెసి దాన్ని నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డ మడతలో దోపుకుని, సకాలాకే ఉన్న మిగతా రెండు యార్డులకీ నడిచి వెళ్లింది.

మర్నాడు పొద్దున అక్కడివాళ్లు సంతకం పెట్టకుండా ముందు పైపులు తడిమి చూశారు. అక్కడా టేపు చుట్లే. మూడు యార్డుల్లోనూ ఒక్క బకెట్ లారీ గేటు దాటలేదు.