అర అంగుళం

చెవుల్లోని రాతి దుమ్ము తుడుచుకుంటూనే పుల్లయ్య ఏడు గంటల నంద్యాల బస్సెక్కాడు. ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతున్న మనిషి. వేళ్లు ఉలి పట్టీ పట్టీ వంకరపోయాయి. దగ్గితే గొంతులోనూ రాయి గీసిన చప్పుడే. ఆ దగ్గు తనను ఎన్నాళ్లో ఉండనివ్వదని ఆయనకు తెలుసు. అందుకే తలలోని విగ్రహాల కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పోవాలని పంతం. ఎత్తు చెబితే ముక్కెంతో, మూతెంతో అదే చెప్పాలి. రాయితో బతికినవాడు, 'రాయి' అని ఎవరూ చెప్పకుండానే, తెలుగులో అచ్చయిన సి భాష పుస్తకం ముందేసుకుని లావుపాటి నోటుబుక్కు నింపేశాడు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం.

నంద్యాల సెంటర్లో సి నేర్పే ఆనందరావుకు నిజానికి వచ్చింది 'ఛీ' ఒక్కటే. నోట్సులోని పదహారు ప్రోగ్రాములు కొట్టించేవాడు. పదిహేడోది అడిగితే కసిరేవాడు. టైముకు రాకపోయినా టైతో వచ్చేవాడు.

"కాళ్లు కడుక్కోనొచ్చినావా అప్పా? దుమ్ము పడితే మిషను చెడిపోతాది."

"కడుక్కున్యా సార్."

పుల్లయ్యకు ఎప్పుడూ మూల మిషనే. దాని బల్ల ఊగుతుంది. మొదటి వారమే వంగి, కంటితోనే కొలిచేశాడు. "ఈ కాలు అరంగుళం పొట్టి సార్. రాతిపెచ్చు తెచ్చి పెడతా."

"నీ రాళ్లు ఈడికి తేవద్దు."

ఆ వేళ ఒక్కో అక్షరం వెతికి కొడుతుంటే ఒకచోట తప్పు పడింది. అంతా తుడిపేసి మొదటి నుంచి అందుకున్నాడు. మళ్లీ తప్పు, మళ్లీ తుడుపు.

"ఏందప్పా, ఆ ఒక్క లైను దిద్దుకుంటే చాలదా?"

"ముక్కు పెచ్చు లేచినాక దిద్దేదేముంది సార్? రాయి మార్చాల్సిందే గదా."

గదిలో పిల్లలు గొల్లుమన్నారు.

మూడోసారికి నడిచింది. నాలుగున్నర అడుగుల విగ్రహం. అంటే యాభై నాలుగు అంగుళాలు. దాన్ని నూట ఎనిమిది భాగాలు చేస్తే ముక్కు వాటా నాలుగు. పుల్లయ్య ఉలి నిద్రలో కూడా రెండంగుళాలే తీస్తుంది. మిషను మాత్రం సున్నా అంది.

"ముక్కు సున్నా వస్తాంది. ఎందుకు సార్?"

ఆనందరావుకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి టై గొంతుకు అడ్డం. "దేవునికి జలుబు చేయదులే అప్పా, ముక్కెందుకు? లెక్క నీదే తప్పు. టైమైపాయ, లెయ్."

బస్టాండులో బండ మీద కూర్చున్నాక పుల్లయ్యకు తట్టింది. యాభై నాలుగును నూట ఎనిమిదితో భాగిస్తే అర. మిషను నిండు అంకెలే ఉంచుకుని ముక్కలు పారేస్తోంది, ఉలి కింద రాలిన పెచ్చుల్ని తను పారేసినట్టే. అయితే ముందు నాలుగుతో హెచ్చించాలి, భాగించేది ఆ తర్వాతే! ఆఖరి పేజీలో అది రాసుకుని, దగ్గుకుంటూ వెనక్కి పరుగెత్తాడు.

ఆనందరావు తాళం వేస్తున్నాడు.

"దొరికింది సార్! ఐదే నిమిషాలు..."

"శనివారం రాపో."

శనివారం పుల్లయ్య భార్య బయ్యమ్మ వచ్చింది. చెప్పులు బయటే విడిచి, ఆ నోటుబుక్కుతో గడపలోనే నిలబడింది. "గురువారం పాయ సార్. ముక్కు దొరికిందని మీకు సూపియ్యమన్యాడు. ఆఖరి కాయితంలో ఉందంట."

"అట్లనా. ఆడ పెట్టిపోమ్మా."

ఆ పుస్తకం ఆనందరావు తెరవలేదు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ ముక్కులేని దేవుడి కథ మాత్రం చెప్పి నవ్విస్తాడు.

మూల బల్ల ఇప్పుడు ఊగదు. పొట్టికాలి కింద, కొలిచి పెట్టినట్టు, పుల్లయ్య నోటుబుక్కు. దాని అట్ట మీద, రాతి దుమ్ముతో పడిన బొటనవేలి ముద్ర.