మూడూ కలిపి ఒకే ధర

బిష్కెక్‌లో ఆ చిన్న కంపెనీ అమ్మేది ఒక్కటే సరుకు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి వాటిలోని తప్పులు పట్టి చూపించే సాఫ్ట్‌వేర్. విండోస్‌కొకటి, మ్యాక్‌కొకటి, లినక్స్‌కొకటి, దేని ధర దానిదే. లినక్స్‌ది జిర్గల్ ఒక్కడే రాశాడు. పెళ్ళీ పెటాకులూ మాట పక్కన పెట్టి నాలుగేళ్ళు దాన్నే పట్టుకు వేలాడాడు పిచ్చివాడు. పాపం, కొనేవాళ్ళే తక్కువ.

ధరలు నిర్ణయించేది నురిజా. వాడు ఆమెను నోరారా ఎజే, అక్కా, అని పిలిచేవాడు. అమ్ముడుపోనిదాన్ని ఆపేస్తానని యజమాని తోక్తోబాయ్ అన్నప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. మూడూ కలిపి అమ్మితే ఏది ఎంత పోయిందో తెలియదు, వాడి ఉద్యోగం నిలుస్తుంది అనుకుని, మూడిటికీ ఒకే ధర పెడదామని యజమానితో అంది.

"ధర పెరుగుతుందిగా?" అన్నాడు తోక్తోబాయ్.

"సరుకూ పెరుగుతుందిగా బైకే," అంది నురిజా, అన్నగారిని పిలిచినట్టు. "విందుకొచ్చినవాళ్ళకి మిగిలిన మాంసం సంచిలో కట్టిస్తాం. ఇంత ఎందుకిచ్చారని ఎవరైనా అలిగారా?"

ఆ మాటే కొంప ముంచింది. విందుకొచ్చినవాడు డబ్బు కట్టడు కదా, ఆ సంగతి ఆమెకు తట్టలేదు. విండోస్ వాళ్ళు కొన్నారు. లినక్స్ వాళ్ళు మొహం తిప్పుకున్నారు. మాకు అదొక్కటి చాలు, మిగతా రెండూ ఏం చేసుకోవాలి అని ఎక్కడెక్కడినుంచో అడిగారు. నురిజా అందరికీ మర్యాదగా సర్దిచెప్పింది. జిర్గల్‌కి మాత్రం చెప్పలేదు. తనది కొనడం మానేశారని వింటే వాడు మనసు కష్టపెట్టుకుంటాడనుకుంది మహాతల్లి.

ఏడాది తిరిగేసరికి, కొన్నవాళ్ళు ఏది వాడుతున్నారో యజమాని ఆరా తీయించాడు. లినక్స్‌దాన్ని తెరిచి చూసినవాడే లేడు. జిర్గల్‌ని పని మానుకోమన్నాడు.

వాడు బల్లమీది సామాను అట్టపెట్టెలో సర్దుకుంటుంటే నురిజా వచ్చి ఎదురుగా కూలబడింది.

"తప్పు నాదేరా."

"ఊరుకో ఎజే. నీదేం తప్పు? ఎవరికీ అక్కర్లేనిది రాశాను, అంతే. గొర్రెలు కాసుకున్నా నయమని అమ్మ మొత్తుకుంటూనే ఉంది."

ఆమె ఇక ఆగలేకపోయింది.

"నీదొక్కటే అమ్మమని ఎంతమంది అడిగారో తెలుసా? నేనే ఆ రెండూ అంటగట్టబోయాను. దాన్ని మించింది ఇంకోటి లేదన్నారు కూడా."

జిర్గల్ చెయ్యి పెట్టెలోనే ఆగిపోయింది.

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

మండిపడతాడనుకుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. వాడు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంకా ఏమన్నారు ఎజే?" అన్నాడు. గుర్తున్నవన్నీ చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు.

"ఒక్కమాట చెప్పుంటే," అన్నాడు చివరికి, "ఈ ఏడాదంతా నేనెందుకూ పనికిరానివాణ్ణని అనుకునేవాణ్ణి కాదు కదా."

వాడు లేచి వెళ్ళేదాకా నురిజా తల ఎత్తలేకపోయింది.