గౌను కింది మడత

పిచ్చుక గౌనుకి కింద జానెడు మడత ఉంది. ఎదిగే పిల్లకని వాళ్లమ్మ గుడ్డ మిగిల్చి లోపలికి మడిచి కుట్టింది. కుట్టుపని వాళ్లకి అది అలవాటే. పిల్ల పొడుగైతే మడత విప్పి ఇంకో ఏడాది లాగించొచ్చు. ఈ గౌనుకి మాత్రం విప్పే పని పడలేదు. పిల్ల నెత్తుట్లో క్యాన్సరు చేరింది. ఎదుగుదల మేకు కొట్టినట్టు అక్కడే ఆగిపోయింది.

ఆసుపత్రి గదికి ఒక పక్క అద్దాల గోడ. కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. తలుపు నర్సు వచ్చి తియ్యాల్సిందే. మందు పడ్డప్పటి నుంచి పిచ్చుకకి నోరంతా పుండ్లు. పాలు తాగితే ఇనుము నాకినట్టుందంటుంది, గుడ్డు వాసనకే మొహం తిప్పేస్తుంది.

"ఒక్క గుక్కే, మా తల్లివి కదూ."

"ఇందాకా ఒక్కటే అన్నావు. నీకు ఒకటి తర్వాత అంకెలు రావా అమ్మా?"

తిండి సంగతి చూసే మేడమ్ ముందే చెప్పింది. "ఈసారి బరువు తగ్గితే ముక్కులోంచి సన్నగొట్టం వేసి పాలు పడతాం. తిండి లేని ఒంటికి మందుని తట్టుకునే సత్తువ ఉండదమ్మా. ఎముకలూ ఎదగవు. గొట్టం మంచికే, శిక్ష కాదు."

పక్కగది పిల్లకి గొట్టం వేస్తుంటే పిచ్చుక అద్దంలోంచి చూసింది. చూసి, అమ్మ చెయ్యి తీసుకుని తన బోడినెత్తిన పెట్టుకుంది.

"నాకది వెయ్యనివ్వనని ఒట్టెయ్యి."

అమ్మ వేసింది.

ఆమె పరదాలు కూడా కుడుతుంది. గాలికి లేవకుండా పరదా అంచులో ఇనప బిళ్లలు పెట్టి కుట్టేస్తారు. కుట్టుసంచి అడుగున అవి మిగిలి ఉన్నాయి. బరువు తూచే రోజు పొద్దున్నే వాటిని గౌను మడతలో పేర్చి కుట్టేసింది.

పిచ్చుక త్రాసెక్కింది. నర్సు చూసి నవ్వింది. "ఓసోసి, పిచ్చుకమ్మ కోడిపెట్ట అయిపోతోందే!"

డాక్టరమ్మ కూడా సంతోషించింది. "గొట్టం అక్కర్లేదిక. మందు బరువుని బట్టే ఇస్తాం కదా, మధ్యాహ్నం ఎక్కించేది ఆ మేరకి పెంచి రాశాను."

తలుపు మూసుకుంది. తల్లికి అప్పుడు తెలిసొచ్చింది. పరదా బరువు పిల్ల నరంలోకి పోబోతోంది. చెప్తే గొట్టం. నెత్తిమీద వేసిన ఒట్టు తప్పితే ఆ నెత్తికే చేటంటారు. చెప్పకపోతే మందే చేటు. కక్కలేదు, మింగలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా నాలుగు గోడలూ తడుముకుంటూ తిరిగింది. మధ్యాహ్నమయింది, అద్దం అవతల నర్సు మందు సంచీ పట్టుకుని వస్తోంది.

తల్లి పిల్ల కాళ్ల దగ్గర కూలబడి, గౌను అంచు నోటితో పట్టి దారం కొరికింది.

"నా గౌను తింటున్నావేంటే? ఆ కోడిగుడ్డేదో తినరాదూ!"

బిళ్లలు నేలమీద రాలాయి. తలుపు తీసిన నర్సు వాటినీ చూసింది, తల్లినీ చూసింది. చేతిలో సంచీని వెనక్కి లాక్కుంది.

"నీకు మతుందా అమ్మా?"

"లేదు. మళ్లీ తూచు తల్లీ. నీకు దణ్ణం పెడతా."

మళ్లీ తూచారు. బరువు తగ్గింది. డాక్టరమ్మ అరవలేదు. మందు మార్చి రాసి, తిండి మేడమ్‌ని పిలిపించింది.

గొట్టం వేస్తున్నంతసేపూ ఆ బోడినెత్తిని కదలకుండా పట్టుకున్నది తల్లే. "మింగు నాన్నా, మింగు" అంటూనే ఉంది. పిచ్చుక మింగింది, కళ్లు మాత్రం అమ్మ మీంచి తియ్యలేదు.

ఆ తర్వాత పాలు బొట్టుబొట్టుగా దిగుతున్నాయి. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి ఊడిన మడత అందుకుని కుట్టసాగింది.

"మళ్లీ బిళ్లలా?" గోడకేసే అడిగింది పిచ్చుక.

"ఉత్త గుడ్డేనే."

పిచ్చుక చెంపకి అంటించిన గొట్టాన్ని వేలితో తడిమింది.

"ఒట్టేశావుగా."

"వేశాను. తీసి గట్టున పెట్టవే, నీ కాళ్లు పట్టుకుంటా."

"పెట్టను. ఈ గౌను నాకు పొట్టిదయ్యేదాకా పెట్టను."

తల్లి సూది ఆగింది. అంతదాకా బిగించి వేసిన కుట్టంతా విప్పేసింది. లాగితే ఊడొచ్చేటట్టు, వదులుగా, మళ్లీ మొదట్నుంచీ కుట్టడం మొదలుపెట్టింది.