నిద్రకు మొక్కిన కందూరు

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ మాట అన్నవాణ్ణి రావల్కోల్‌లో బాలనర్సమ్మ ఇంట్లో ఒక్క వారం ఉంచాల్సింది. ఆ ఇంటికి సుఖం అక్కర్లేదు, ఆమె బిడ్డ స్రవంతికి ఉత్త నిద్ర వస్తే చాలు.

స్రవంతి తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించే పని చేసేది. 2012 ఎండాకాలంలో ముందు నిద్ర కరువైంది. తర్వాత మాట పడిపోయింది, మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది, ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందన్నారు అందరూ. పట్నంలో డాక్టరు మాత్రం, ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి మెదడు మీద పడిందని, అందుకే మెదడు వాచిందని చెప్పాడు. మందులతో మాట తిరిగొచ్చింది, మనుషులు గుర్తొచ్చారు. నిద్ర మాత్రం రాలేదు. కాస్త కునుకు పట్టినా, కలలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కాళ్లూ చేతులూ విసిరి, అరిచి లేచేది.

"అమ్మా, తల పగలగొట్టయినా జర పండుకోవెట్టే," అని తల్లి కొంగు పట్టుకుని ఏడ్చేది. పెళ్లయిన బిడ్డ అట్లా అడిగితే ఏ తల్లి తట్టుకుంటుంది? బాలనర్సమ్మ ఊరి దర్గాకు పోయి, అక్కడి పీరుకు కందూరు మొక్కింది. బిడ్డ కంటినిండా పండుకుంటే వెంటనే మేకపోతును కోసి, పీరు పేరున ఫాతెహా చదివించి, పదిమందికి అన్నం పెడతానంది. ఆ ఊళ్లలో మొక్కుకు కులమూ మతమూ అడ్డం రావు.

దసరా వెళ్లాక స్రవంతి పండుకుంది. పొద్దెక్కినా లేవలేదు. బాలనర్సమ్మ వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్లను సైగతోనే వెనక్కి పంపింది. మర్నాడూ అంతే. నీళ్లు పోస్తే గుటక వేసి మళ్లీ కళ్లు మూసేది.

అల్లుడు బాలేష్‌కు గుబులు పుట్టింది. "అత్తా, ఏ మార్పొచ్చినా జల్దీ తీస్కరమ్మన్నడు డాక్టరు. పోదాం పా."

"మొక్కు తీరకముందు దవాఖానకు వోతే పీరుకు కోపమొస్తది బాలేషూ. ఇచ్చిన నిద్ర మల్ల గుంజుకుంటడు. రేపు కందూరు గానీ, ఎల్లుండి పోదాం."

ఏ పీరూ అంత తొందర పెట్టడు. తొందరంతా మనిషిదే. బాలేష్ సరేనన్నాడు. పాపం, నెలల తరబడి కన్నంటుకోనిది అతనికి కూడా. ఆ రాత్రి గోడవతల భార్య మెదలకుండా పడుకుంటే అతనూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

దర్గా దగ్గర కందూరు ఘనంగా జరిగింది. ఫాతెహా చదివిన షౌకత్ భార్య హజీరా, స్రవంతికి తినిపిద్దామని పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని బాలనర్సమ్మ ఇంటికి వెళ్లింది. కాసేపటికి మెతుకులంటిన చేత్తోనే దర్గాకు ఉరికొచ్చింది.

"పెద్దమ్మా, కండ్లు తెరిసింది గని నన్ను సూస్తలేదు. పెట్టిన బుక్క నోట్లనే ఉంది. నములుతలేదు."

పట్నం ఆస్పత్రిలో డాక్టరు రెప్పలెత్తి లైటు వేసి చూశాడు. ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగాడు. బాలేష్ తల దించుకుని చెప్పాడు.

"ఇది నిద్ర కాదమ్మా. జబ్బు తిరగబెట్టింది. మొదటి రోజే తెస్తే ఏదైనా చేయగలిగేవాళ్లం," అన్నాడు డాక్టరు.

బాలనర్సమ్మకు ఆ మాటలు సగమే ఎక్కాయి. ఆమె చేతులకింకా మసాలా వాసన పోలేదు. ఆ చేతులతోనే డాక్టరుకు దండం పెట్టింది.

"బిడ్డ మస్తు పండుకుంది సారూ, సాలు," అంది. "ఇగ లేపుండ్రి."