రెండుసార్లు గుంజితేనే

పడవకు పూజ చేయమని సుగుణను ఎవరూ అడగలేదు. కొత్తగా ఎక్కబోయే బండికి బొట్టయినా పెట్టకుండా కదిలితే ఆమె మనసొప్పదు, అంతే. అది బండి కాదు, తెరచాప పడవ అని కూతురు సాత్విక చెప్పి చూసింది. పైగా ఇరవై ఏళ్ళ పాతది. "నేనెక్కుడు కొత్తనే గద" అంది సుగుణ.

కూతురి కాన్వొకేషన్ చూడటానికి విజిటర్ వీసా మీద సిద్దిపేట నుంచి కెనడా వచ్చి ఆమెకు మూడు వారాలైంది. బ్రాంప్టన్‌లో నలుగురు ఆడపిల్లలు కలిసి ఉండే బేస్‌మెంట్‌లో పూలు కట్టే దారం ఎక్కడ దొరుకుతుంది? పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో సాత్విక పనిచేసే వేర్‌హౌస్ నుంచి వచ్చిన ప్యాకింగ్ తాడు ఒకటి కంటపడింది. సన్నటి నైలాన్ తాడు, పంటితో కొరికినా తెగలేదు. గట్టిదైతే ఇంకా మంచిదే అనుకుంది. మొక్కల షాపులో కుండీలతో సహా కొనిపించిన బంతిమొక్కలను బోడి చేసి, రెండు బారల దండ కట్టింది.

పడవ యజ్ఞనారాయణ గారిది. గుంటూరు మనిషి. ఇంజినీరుగా రిటైరై మిస్సిసాగాలో ఉంటున్నారు. ఒకప్పుడు చలికాలం వచ్చిందంటే చాలు, స్నేహితులను వెంటేసుకుని కరీబియన్ దీవుల మధ్య వారాల తరబడి పడవ నడిపేవారు. ఆ స్నేహితుల మోకాళ్ళు ఒక్కొక్కటిగా సెలవు పెట్టేశాయి. ఆయన గుండెకూ రెండు స్టెంట్లు పడ్డాయి. ఇప్పుడు వేసవిలో ఇక్కడి సరస్సులోని జార్జియన్ బే దీవులతోనే సరిపెట్టుకుంటున్నారు. కాలేజీ పిల్లలకు తాళ్ళు లాగడం నేర్పి తోడు తెచ్చుకుంటారు. ఈసారి సాత్విక, ఆమె క్లాస్‌మేట్ రేవంత్, చుట్టపుచూపుగా సుగుణ.

పడవ ముందున్న కడ్డీలకు సుగుణ దండ కడుతుంటే ఆయన చెప్పులు విడిచి చేతులు జోడించారు. చక్రాలు లేని బండికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె తికమక పడుతుంటే, ముందొకటి వెనకొకటి పెట్టండి అని సలహా కూడా ఇచ్చారు. ఇరవై ఏళ్ళలో తన పడవకు బొట్టు పెట్టినవాళ్ళు లేరని మురిసిపోయారు. పడవ అంచు దాటి ఏ తాడూ వేలాడకూడదని పిల్లలకు వందసార్లు చెప్పిన మనిషే, దండ కొసన వేలాడుతున్న తాడును చూసి కూడా నోరు మెదపలేదు. పూజ కదా!

మధ్యాహ్నం మూడు దాటాక గాలి ముదిరింది. రెండు రాతి దీవుల మధ్య సందులోంచి అవతలి రేవుకు చేరాలి. గాలి ఎదురుగా కొడుతోంది కాబట్టి తెరచాప దింపి ఇంజిన్ మీద వెళ్తున్నారు. సరిగ్గా సందు మధ్యలో ఇంజిన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. యజ్ఞనారాయణ గారు తాళం తిప్పారు. మళ్ళీ మూలిగింది, మళ్ళీ ఆగింది. పడవ వెనక్కి జరగడం మొదలుపెట్టింది. వెనక నల్లటి రాళ్ళు నీళ్ళలోంచి వీపులు బయటపెట్టి ఉన్నాయి.

లంగరు వేశారు. అడుగున నున్నటి బండ కావడంతో అది నిలదొక్కుకోలేదు. గాలి విసురు వచ్చినప్పుడల్లా నాలుగడుగులు జారుతోంది. తెరచాప ఎత్తి తిప్పుకోవడానికి ఆ సందులో చోటు లేదు. రేడియోలో కోస్ట్ గార్డ్ వాళ్ళు పలికారు, వస్తున్నాం, గంట పడుతుందన్నారు. రాళ్ళకూ పడవకూ మధ్య అరవై అడుగులైనా లేవు.

అప్పుడు సుగుణ నీళ్ళ మీద తేలుతున్న బంతిరేకులను చూసింది. ముందు కడ్డీల వైపు చూసింది. దండ లేదు. అది జారి నీళ్ళలో పడి, పడవ అడుగుగా వెళ్ళి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. ఒకరు చెప్పక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, దేవుడి పేరు చెప్పి నలుగురి ప్రాణాల మీదికి తెచ్చింది.

యజ్ఞనారాయణ గారు కత్తి తీసి చొక్కా విప్పబోయారు. ఆ గుండెతో ఆ చల్లటి నీళ్ళలో దిగితే పైకి రారని ఆయనకూ తెలుసు. రేవంత్‌కు ఈత రాదు.

"అంకుల్, మీరు దిగొద్దు. నాకు ఈతొస్తది" అంది సాత్విక.

రేవంత్ ఆశ్చర్యపోయాడు. సుగుణ తల దించుకుంది.

ఎందుకంటే సాత్వికకు ఈత ఎలా వచ్చిందో, ఎలా ఆగిపోయిందో ఆ పడవలో కూతురితో పాటు తెలిసింది ఆమె ఒక్కతికే. పొలం దగ్గర బావిలో వాళ్ళ నాన్న నేర్పాడు. గట్టు మీద కూర్చుని ఆయన అంకెలు లెక్కపెడుతుంటే, నలభై దాకా మునిగి ఉండేది పదకొండేళ్ళ పిల్ల. పన్నెండో ఏడు రాగానే సుగుణ బావి దగ్గరికి వెళ్ళింది. పిల్ల నడుముకు కట్టిన తాడు పట్టుకుని, ఊళ్ళో మగపిల్లలందరూ చూస్తుండగా పైకి గుంజి, ఇంటిదాకా కొట్టుకుంటూ తీసుకొచ్చింది. ఆడపిల్లకు ఈతెందుకంది. ఆ మాట మీదే పదేళ్ళు గడిచాయి.

సాత్విక లైఫ్ జాకెట్ విప్పి నడుముకు తాడు కట్టుకుంది. రేవంత్ రాళ్ళను నెట్టడానికి గెడ పట్టుకుని వెనక నిలబడ్డాడు. యజ్ఞనారాయణ గారు లంగరు తాడు వదిలే వీల్లేదు. మిగిలింది సుగుణ. సాత్విక తాడు కొస తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇను. ఒక్కసారి గుంజితే మంచిగనే ఉన్న అన్నట్టు. రెండుసార్లు గుంజితేనే లాగు. మధ్యల లాగినవంటే పడవ నా తల మీద పడుతది."

అది నిజమే. పడవ వెనక భాగం అలకు లేచి ధబీమని నీళ్ళను కొడుతోంది. లోపలి మనిషిని వేళకాని వేళ లాగితే తల సరిగ్గా దాని కిందికే వస్తుంది.

సాత్విక కత్తి పట్టుకుని మునిగింది. మొదటిసారి పైకి వచ్చినప్పుడు గుప్పెడు పూలు, జానెడు తాడు. రెండోసారి మూరెడు. పెదవులు నీలంగా మారాయి. రాళ్ళు నలభై అడుగులు అన్నాడు రేవంత్. ఆమె మూడోసారి మునిగింది.

సుగుణ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై. నలభై. తాడు బిగుసుకుంది గానీ గుంజలేదు. నలభై దాటి ఆ పిల్ల ఎప్పుడూ ఉండలేదు. యాభై అయ్యేసరికి యజ్ఞనారాయణ గారు ఆగలేకపోయారు.

"లాగమ్మా, ఇక లాగేయ్" అన్నారు.

సుగుణ చేతులు లాగుతామన్నాయి. ఆ చేతులకు అలవాటే అది. ఆమె తాడును మోచేతికి చుట్టుకుని, పళ్ళు బిగబట్టి, కదలకుండా నిలబడింది. పిల్ల నాన్న బావి గట్టున లెక్కపెట్టినట్టే పైకి లెక్కపెట్టింది. యాభై ఐదు. అరవై. ఒకసారి గుంజింది తాడు. యజ్ఞనారాయణ గారు మళ్ళీ అరిచారు. సుగుణ లాగలేదు. అరవై ఎనిమిది దగ్గర రెండుసార్లు గుంజింది.

అప్పుడు లాగింది. రేవంత్ గెడ పారేసి చెయ్యందించాడు. సాత్విక పైకొచ్చి బోర్లా పడి దగ్గింది. ఆమె పిడికిట్లో చిక్కులు పడిన నైలాన్ తాడు, దానికింకా రెండు బంతిపూలు ఉన్నాయి. ఇంజిన్ రెండో తిప్పుకు అందుకుంది. లంగరు ఎత్తగానే పడవ రాళ్ళకు వీపు చూపించి సందు దాటింది.

రేవు కనిపించేదాకా సుగుణ చీర కొంగుతో కూతురి తల తుడుస్తూనే ఉంది. "మస్తు బుగులైందా బిడ్డా?" అని అడిగింది.

"నీళ్ళకు బుగులు పడలేదమ్మా" అంది సాత్విక, పళ్ళు టకటకమంటుంటే. "నువ్వు ఆగలేక గుంజుతవని బుగులైంది."

ఆ రోజు బావి కాడ కూడా ఆగాల్సింది బిడ్డా అంది సుగుణ. కూతురి నడుముకు తడిసి బిగుసుకుపోయిన ముడి మీదికి వంగి, గోళ్ళు విరుగుతున్నా వదలకుండా, దాన్ని మెల్లగా విప్పింది.