సెమీఫైనల్ సంగటి

కడపలో సెమీఫైనల్ ఓడిపోయిన మైదుకూరు అమ్మాయిల హాకీ జట్టు, తిరుగు బస్సులో వెనక సీట్లలో కూలబడింది. ముందు సీట్లలోని అభిమానులు, పిల్లలకు వినబడాలనే గట్టిగా చర్చ మొదలుపెట్టారు. అందరిలోకీ పెద్దగొంతు ఎరువుల అంగడి ఓబుళేశుది. ఆయన జన్మలో హాకీ కర్ర పట్టింది లేదు గానీ, ఆ ఆట గురించి ఆయనకు తెలియనిదీ లేదు.

"అదేం పరుగప్పా? పెండ్లికూతుర్లు పీటల మీదికి పోయినట్ల పోతిరి! గెలవాలంటే కసి ఉండల్ల."

"గోల్‌కీపర్ని మాత్రం ఏమీ అనద్దు," అన్నాడు పక్కనున్న రంగస్వామి. "గోల్‌పోస్టును ఎవురూ ఎత్తకపోకుండా శానా బాగా కాపలా కాసింది."

ఓబుళేశుకు ఇంకా ఊపొచ్చింది. తాను ఏం తక్కువ చేశాడు? ఆటకు గంట ముందు మైదానం పక్కనే షామియానా వేయించి, రాగిసంగటీ పొట్టేలు కూరా పెట్టించాడు. చాలన్న పిల్లను చాలననివ్వలేదు. గోల్‌కీపర్‌కు మూడో ముద్ద తన చేత్తోనే వేసి, విస్తరి ఖాళీ అయ్యేదాకా పక్కనుంచి కదల్లేదు.

"ఇంత పెట్టినా కాలు కదపకపోతిరే!" అని వెనక్కి తిరిగి అరిచాడు. "ఆ కర్నూలోళ్లు ఏం తినొచ్చినారో ఏమో, గుర్రాల మాదిరి ఉరికినారు!"

కెప్టెన్ శివజ్యోతి కిటికీకి ఆనించిన తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"పాపం, వాళ్లకు మీ మాదిరి అభిమానులు లేరు గదన్నా. తలా ఒక అరటిపండు తినొచ్చినారు."