మలుపు దగ్గర ముప్పై మీటర్లు

సిగ్రున్ పాతికేళ్లుగా పరిగెడుతోంది, చేరింది మాత్రం ఎక్కడికీ లేదు. పిల్లలు నడక రాకముందే మంచు మీద జారే స్కీలు తొడుక్కునే దేశంలో పుట్టి మారథాన్ పట్టుకుంటే అంతే మరి! "నీ స్కీలేవమ్మా, ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. చలికాలమంతా ఇంటి కింది గదిలో ట్రెడ్‌మిల్ మీద పరుగు, చేపల ఫ్యాక్టరీ షిఫ్టుకు ముందు గంటన్నర, తర్వాత గంట. ఇంత చేసినా జాతీయ జట్టు జెర్సీ ఒక్కసారీ ఒంటి మీదికి రాలేదు. ఒక ఏడాది పాదంలో ఎముక చిట్లింది. ఇంకో ఏడాది ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర కడుపు తిప్పేసింది. మరోసారి పదకొండు సెకన్లు ఆలస్యం. పదకొండంటే పదకొండే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ ఏప్రిల్‌లో, ముప్పై ఏడో ఏట, సొంత క్లబ్బు పెట్టిన పోటీలో రెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లకు గీత దాటింది. యూరప్ పోటీలకు దేశ అథ్లెటిక్స్ సమాఖ్య పెట్టిన గడువు రెండున్నర గంటలు. జట్టును గురువారం ప్రకటిస్తారు. ఈలోగా ఇంకో పోటీ లేదు, ఇంకో ఏడాదికి ఈ కాళ్లూ ఉండవు.

బుధవారం సాయంత్రం క్లబ్బు గదిలో ఉద్వార్ పెనం మీద అట్లలా వాఫుల్స్ పోస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆమెకు పదమూడేళ్లప్పుడు పరుగు నేర్పింది ఆయనే. మొన్న ఆదివారం ఆ పోటీలో, సగం దారిలో వెనక్కి తిరిగే చోట గుర్తుగా కోను పెట్టి నిలబడిందీ ఆయనే. జీతం లేని పని. క్లబ్బన్నాక అందరూ తలో చెయ్యి వేయాల్సిందే, రానివాడి గురించి ఊరంతా చెవులు కొరుక్కుంటుంది.

"తిను," అన్నాడు, వాఫుల్ మీద బ్రౌన్ చీజ్ పెట్టి. తాను మాత్రం ముట్టలేదు.

"ఏంటయ్యా ఆ మొహం? నేనేమన్నా ఓడిపోయానా?"

"ఇవాళ రోడ్డు ఊడ్చే బండొచ్చింది. చలికాలం మంచుకు జారకుండా చల్లిన కంకరపొడంతా ఎత్తేసింది."

"ఎత్తనీ. ఏటా ఎత్తేదేగా?"

"దాని కింద, మలుపు కోసం మనం కొలిచి వేసిన రంగు గీత బయటపడింది. నేను కోను పెట్టింది అక్కడ కాదు తల్లీ. ఆ పొద్దున పాల ట్యాంకరొచ్చింది, బండి తిప్పడానికి చోటు లేదన్నాడు డ్రైవరు. పోనీలే పాపమని కోను తీశా. మళ్లీ పెట్టబోతే గీత కనపడలేదు. ముప్పై ఏళ్లుగా పెడుతున్నవాణ్ణి, నాకు తెలీదా అనుకున్నా. ముప్పై మీటర్లు ఇవతల పెట్టా."

ఆమె లెక్కేసుకుంది. పోను ముప్పై, రాను ముప్పై. ఆమె కాళ్లకు పదమూడు సెకన్ల పని. అవి కలుపుకున్నా గడువులోపే. కానీ ఎవరూ కలపరు. దారి తక్కువైతే ఆ పరుగే చెల్లదు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. నేను చెప్పను కూడా."

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి నాకెందుకు చెప్పావు? ఇంకొక్కరోజు నోరు మూసుకోలేకపోయావా?"

"పొద్దుట్నుంచీ చూశా. నా వల్ల కాలేదు."

"నా వల్ల అవుతుందా మరి?" అని అరిచింది.

ప్రయత్నించింది కూడా. ఆ జెర్సీ వేసుకుని వేలమంది ముందు నిలబడ్డట్టు ఊహించుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫోను తీసి, సమాఖ్యలో జట్టు ఎంపిక చూసే ఆవిడకు చేసింది.

"సిగ్రున్! రేపటిదాకా ఆగలేవా? సర్లే, నా నోరూ ఊరుకోదు. జట్టులో ఉన్నావు పో!"

సిగ్రున్ కళ్లు మూసుకుని, ఉన్నదంతా చెప్పేసింది. "అయ్యో! అయితే ఆ పరుగు లెక్కకు రాదు," అందావిడ.

"కోను ఎవరు జరిపారు?" అని అడిగిందావిడ చివరికి.

ఉద్వార్ ఎదురుగానే ఉన్నాడు, గరిటె పట్టుకుని, తల దించుకుని.

"తెలీదు. గాలికి జరిగినట్టుంది," అంది సిగ్రున్.

ఫోను పెట్టేశాక ముసలాయన గరిటె కింద పెట్టాడు. "ఆ రోజు గాలే లేదు కదమ్మా."

"నాకు తెలుసు. పరిగెత్తింది నేనేగా," అంది, ఏడుపు ఆపుకోలేక. "అలాంటి రోజు నాకింక రాదు."